నిద్రలో తీసిన డిస్కు

డిస్కుల డాక్టరమ్మ దుకాణానికి వచ్చేవాళ్లలో సగం మందిది ఒకటే జబ్బు, తొందర. ల్యాప్‌టాప్ మూత టప్పున మూస్తారు, మూసిన చేత్తోనే సంచిలో కుక్కుతారు, మెట్లు దిగుతూ ఆ సంచిని ఊపుతారు. మూత పడిందంటే యంత్రం నిద్రపోయినట్టేనని వాళ్ల నమ్మకం. దుప్పటి కప్పినంత మాత్రాన పిల్లలు నిద్రపోరన్న సంగతి ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెంచినవాళ్లకు కూడా ఈ విషయంలో తట్టదు.

ఆ శుక్రవారం పొద్దున ఆమె బల్ల ముందు నిలబడ్డవాడు ఒక లాయరుగారి గుమాస్తా. ఏడాది కిందట ఇదే తప్పు చేసి, ఇదే బల్ల ముందు, ఇదే మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

"మూత మూశాక ఎంతసేపు ఆగారు?" అంది డాక్టరమ్మ.

"ఆగడానికెక్కడిదండీ, బస్సు వచ్చేసింది."

"మూత మూయగానే అది చేతిలో ఉన్న పనంతా డిస్కులోకి రాసేయాలి. రాశాక, లోపల పళ్లెం మీద తిరిగే హెడ్డు పక్కకి జరిగి దాని గూట్లో కూర్చోవాలి. పళ్లెం తిరగడం ఆగాలి. అప్పుడు కదా కరెంటు ఆగేది. అంతా కలిపి పది సెకన్లు. హెడ్డుకీ పళ్లానికీ మధ్య మీ వేలిముద్ర దూరేంత సందు కూడా ఉండదండీ. ఆ పది సెకన్లలో సంచి ఊపితే పళ్లెం గీరుకుపోతుంది."

ఇదంతా ఆమె మెషిన్ స్క్రూలు విప్పుతూనే, పేపరు చదివినట్టు చెప్పింది. గుమాస్తా ఇంకా ఏదో వస్తుందని కాసేపు చూశాడు. ఏమీ రాలేదు.

"పోయినసారి బాగా తిట్టారండీ," అన్నాడు, తనకు రావలసిందేదో తగ్గించి ఇచ్చినట్టు.

నిజమే, తిట్టేది. పదకొండేళ్లుగా ఈ వీధిలో డిస్కులకు వైద్యం చేస్తోంది, డిస్కుల కంటే వాటి యజమానులకే ఎక్కువ వైద్యం చేసేది. తిట్లు తిని డబ్బిచ్చి మరీ నవ్వుకుంటూ పోయేవాళ్లు. ఈ మధ్య తిట్లు రావడం లేదు. వెతుక్కుంటే దొరుకుతాయేమో కానీ వెతకడానికి ఓపిక లేదు. యాభై నాలుగు రోజులుగా ఆమెకు లోపలంతా తిమ్మిరి. తిమ్మిరెక్కిన కాలు మీద నిలబడితే నేల ఉందో లేదో తెలియనట్టు, తిన్నది తిన్నట్టుగా, నడిచింది నడిచినట్టుగా తెలియడం లేదు.

ఆమె దుకాణం వెనక గది భర్తది. వీధి వీధంతా ఆయన్ని బూట్ల మాస్టారు అనేవారు. మామూలు బూట్లు కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్న పిల్లలకు, పాదం లోపలికి తిరిగిన పిల్లలకు, ఆపరేషనై కట్టు విప్పిన పిల్లలకు ఆయన బూట్లు చేసేవాడు. ఎముకల ఆసుపత్రి వాళ్లు పంపేవారు. పిల్ల వచ్చి కాగితం మీద నిలబడితే, ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని పాదం చుట్టూ పెన్సిల్‌తో గీత గీసేవాడు. మడమ ఎంత ఎత్తాలి, ఏ వేలు ఒరుసుకుంటోంది, ఎక్కడ మెత్త వేయాలి అన్నీ చూసి, ఆ కొలతలతో కంప్యూటర్లో బూటు బొమ్మ తయారుచేసేవాడు. గీసిన కాగితం మాత్రం తన దగ్గర ఉంచుకునేవాడు కాదు. తారీఖు వేసి పిల్ల చేతిలో పెట్టేవాడు. ఎవరి కాలు వాళ్లింట్లోనే ఉండాలని ఆయన పద్ధతి. ఆ కాగితాల్ని తల్లిదండ్రులు తలుపులకు అంటించుకునేవారు, కిందటిసారి కంటే ఎంత పెరిగిందో చూసుకునేవారు.

యాభై నాలుగు రోజుల కిందట, మధ్యాహ్నం, కంప్యూటర్ని పడుకోబెట్టి, ఒక జత బూట్లు ఆసుపత్రిలో ఇచ్చి ఇప్పుడే వస్తానని వెళ్లాడు. బూట్లు ఇచ్చాడు. వస్తూ వస్తూ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడ్డాడు. అంతమంది డాక్టర్లు చుట్టూ ఉండగా గుండె ఆగడమేమిటని అందరూ ఆశ్చర్యపోయారు. ఉరుము లేని పిడుగన్నారు. ఆమె ఆశ్చర్యపోలేదు, ఏడవలేదు. అడిగిన చోటల్లా సంతకాలు పెట్టింది, వచ్చినవాళ్లకు కుర్చీలు వేసింది, పదో రోజున దుకాణం తెరిచింది. గుండె రాయి చేసుకుందని చుట్టాలు మెచ్చుకున్నారు. రాయి చేసుకోవడానికైనా గుండె చేతికి దొరకాలి కదా.

ఆయన కంప్యూటర్ మాత్రం అలాగే పడుకుని ఉంది. ముందువైపు నారింజ రంగు దీపం నెమ్మదిగా వెలిగి ఆరుతూ ఉంటుంది. బల్ల కింద బ్యాటరీ డబ్బా ఉంది కాబట్టి మధ్యలో కరెంటు ఎన్నిసార్లు పోయినా దాని నిద్ర చెడలేదు. రోజూ పొద్దున డాక్టరమ్మ వెనక గది తలుపు తీసి ఆ దీపాన్ని చూసి, తలుపు వేసి వచ్చేస్తుంది. ఆ రోజు ఆయన ఏదో పని మధ్యలో ఆపి వెళ్లాడు. సేవ్ చేశాడో లేదో, ఏ బొమ్మో, ఎవరికి రాస్తున్న ఉత్తరమో, అది తెర మీద తెరిచి ఉంటుంది. లేపితే కనిపిస్తుంది. కనిపిస్తే, ఇక చూడవలసింది ఏదీ మిగలదు. లేపనంతకాలం ఆ గది లెక్క ప్రకారం ఆయన ఇప్పుడే వస్తానని బయటికి వెళ్లినవాడే. ఆమెకు కావలసింది అదే. పైకి చెబితే పిచ్చనుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

పన్నెండో రోజున ఆడపడుచు వచ్చి అడిగింది. ఆయన చెల్లెలు, అన్న దగ్గరే తోలు కోసేది. చేతి పనికీ నోటి పనికీ కలిపి అన్న పెట్టిన పేరు కత్తెర. అదే స్థిరపడిపోయింది.

"వదినా, ఆసుపత్రి వాళ్లు జాబితా పంపారు. నలభై ముగ్గురు పిల్లలు. కంప్యూటర్లో ఉన్నవన్నీ పాత కొలతలు. మళ్లీ అందర్నీ కొలిచి బొమ్మలు దిద్దాలి. అన్నయ్య మిషను లేపనా?"

"లేపొద్దు."

"మరెలా?"

డాక్టరమ్మ లేచి వెనక గదికి వెళ్లింది. బొమ్మలన్నీ ఉండే డిస్కును బయటికి లాగడానికి వీలుగా, సొరుగులాంటి పెట్టెలో తనే అమర్చింది, నెలనెలా ఒకటో తారీఖున నకలు తీసుకోవడానికి. ఆ సొరుగును లాగి, తన దగ్గరున్న ఒక డబ్బాలో పెట్టి, కత్తెర ల్యాప్‌టాప్‌కు తగిలించి ఇచ్చింది. కంప్యూటర్ నిద్రలోనే ఉంది. దీపం వెలిగి ఆరుతూనే ఉంది.

ఏం చేస్తోందో ఆమెకు బాగా తెలుసు. సరిగా నిద్రపోయిన యంత్రం నుంచి డిస్కు తీయడంలో ప్రమాదం లేదు. హెడ్డు గూట్లో ఉంది, పళ్లెం ఆగి ఉంది. ప్రమాదమంతా తిరిగి పెట్టడంలో ఉంది. నిద్రపోయే ముందు ఏ కాగితం ఎక్కడుందో యంత్రం తలలో ఒక పటం పెట్టుకుంటుంది. ఈలోగా ఎవరైనా ఆ డిస్కును వేరే చోటికి తీసుకెళ్లి కొత్తగా రాసి మళ్లీ తెచ్చి పెడితే, లేచిన యంత్రానికి ఆ సంగతి తెలియదు. ఒకరు నిద్రపోతున్నప్పుడు వంటింట్లో డబ్బాలన్నీ ఇంకొకరు సర్దేస్తే, లేచినవాళ్లు అలవాటు కొద్దీ పంచదార డబ్బాలో ఉప్పు పోసినట్టు, అది పాత పటం చూసుకుని కొత్త రాతల మీద రాసేస్తుంది. అడగదు, ఆగదు. ఆమె దుకాణం గోడ మీద బోర్డు ఒకటి ఉంది. దాని మీద ఉన్న మూడు నియమాల్లో, నిద్రలో తీసిన డిస్కును తిరిగి పెట్టకూడదన్నది మూడోది. మొదటి రెండింటినే ఎవరూ చదవరు.

ఈ మాట కత్తెరకు చెప్పాలి. ఒక్క వాక్యం. "పనయ్యాక దీన్ని మళ్లీ అందులో పెట్టకే" అంటే చాలు. అంటే, ఎందుకని అడుగుతుంది. లేపి, మూసి, సరిగ్గా ఆపేసి తీసుకుంటే పోయేదిగా అంటుంది. అప్పుడు ఎందుకు లేపలేదో చెప్పాలి. అంత దూరం మాట్లాడే ఓపిక ఆమెకు లేకపోయింది. డిస్కు చేతిలో పెట్టి తలుపు వేసుకుని వచ్చేసింది. నకలు మాటా ఎత్తలేదు. ఆ తర్వాత రెండు ఒకటో తారీఖులు వచ్చాయి, పోయాయి.

ఆరు వారాలు కత్తెర గొడ్డులా పనిచేసింది. రోజుకు ఒకరో ఇద్దరో పిల్లలు వచ్చేవారు. అన్నలాగే నేల మీద కూర్చునేది, గీత గీసేది, కాగితం పిల్లలకు ఇచ్చేసేది, కొలతలు తిన్నగా డిస్కులోకి ఎక్కించేది. ఆసుపత్రికి బూట్ల అచ్చులు పోసేవాడు మూడు నెలలకోసారి వస్తాడు. ఈసారి వచ్చేది సోమవారం. పొద్దున పదింటికల్లా నలభై మూడు బొమ్మలూ అతనికి అందాలి. అందకపోతే పిల్లలందరూ ఇంకో మూడు నెలలు ఇరుకైన పాత బూట్లతోనే నడవాలి. ఎదిగే కాలికి మూడు నెలలంటే తక్కువేం కాదు. ఆపరేషన్ చేసి తిప్పిన పాదాలు మళ్లీ తిరిగిపోయే ప్రమాదం కూడా ఉందని డాక్టర్లు ముందే చెప్పారు.

ఇదిగో, ఆ శుక్రవారం పొద్దునే నలభై మూడోది అయిపోయింది. గుమాస్తా ఇంకా బల్ల ముందు నిలబడి ఉండగానే వెనక గదిలోంచి కత్తెర కేకేసింది.

"వదినా, అన్నయ్య మిషను లేచింది. నేను లేపలేదు. బల్ల తుడుస్తుంటే మౌసు కదిలింది."

డాక్టరమ్మ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

"డిస్కు ఎక్కడుంది?"

"దాని సొరుగులోనే ఉంది. పని అయిపోయిందిగా, ఎక్కడిదక్కడ పెట్టేశా."

డాక్టరమ్మ పరుగెత్తింది. యాభై నాలుగు రోజుల్లో ఆమె ఏ పనికీ పరుగెత్తలేదు. బల్లకూ తలుపుకూ మధ్య ఉన్న ఎనిమిది అడుగుల్లో ఆమె తల మాత్రం చాలా చల్లగా పనిచేసింది. సొరుగు చప్పున లాగేస్తే? పళ్లెం తిరుగుతోంది, హెడ్డు దాని మీద ఉంది, ఆ కుదుపుకు గీరుకుపోతుంది, అప్పుడు ఎవరూ బాగుచేయలేరు. మళ్లీ పడుకోబెడితే? నిద్రపోయే ముందు చేతిలో ఉన్నదంతా డిస్కులోకి రాస్తుంది, ఆ చేతిలో ఉన్నది పాత పటం. మర్యాదగా ఆపేసినా అంతే. పదకొండేళ్లుగా మర్యాదగా ఆపండి, మర్యాదగా పడుకోబెట్టండి అని ఊరందరికీ పాఠాలు చెప్పిన మనిషికి, ఇవాళ మర్యాదే కొంప ముంచుతుంది. మిగిలింది ఒకటే దారి, కరెంటు పీకేయడం. కరెంటు పోయినా పళ్లెం తిరిగే ఊపులోంచే కాసింత శక్తి పుడుతుంది, హెడ్డు గూటికి చేరడానికి అది చాలు. డిస్కు బతుకుతుంది. తెర మీద ఆయన తెరిచి ఉంచింది మాత్రం పోతుంది.

గదిలోకి అడుగు పెట్టేసరికి తెర వెలుగు ఎదురు గోడ మీద కనిపించింది. కత్తెర తెర ముందు నిలబడి ఉంది, గుడ్డ చేతిలోనే ఉంది.

"మళ్లీ పడుకోబెట్టనా వదినా?" అంటూ మీట మీద వేలు పెట్టబోయింది.

"ముట్టుకోకు."

డాక్టరమ్మ తెర వైపు చూడలేదు. చూస్తే చెయ్యి ఆగుతుందని ఆమెకు తెలుసు. ఒక్క క్షణం ఆగినా అది ఇంకో పిల్ల పాదం చెరిపేస్తుంది. నేల చూపుతోనే మోకాళ్ల మీద కూలబడి బల్ల కిందికి దూరింది. గోడ దగ్గర పీకి లాభం లేదు, బ్యాటరీ డబ్బా ఉంది. డబ్బా వెనక దుమ్ములో తడిమింది. లావు తీగ చేతికి తగిలింది. లాగింది.

పైన తెర ఆరిపోయింది. సొరుగులో పళ్లెం సన్నగా కూస్తూ నెమ్మదించి, నెమ్మదించి ఆగింది. నారింజ దీపం కూడా ఆరింది. ఆమె బల్ల కిందే ఉండి ఇరవై దాకా లెక్కపెట్టింది.

బయటికి వచ్చి సొరుగును రెండు చేతులతో, పసిపిల్లను ఎత్తుకున్నట్టు తీసి తన బల్ల మీదికి చేర్చింది. గుమాస్తాను సోమవారం తర్వాత రమ్మంది.  దేన్నీ రాయనివ్వకుండా చదవడానికి మాత్రమే పనికొచ్చే డబ్బా ఒకటి ఉంది, డిస్కును దానికి తగిలించి మొత్తం నకలు తీయడానికి పెట్టింది. రోగిని ముట్టుకోకూడదు, నకలు మీదే పని చేయాలి, అది ఆమె పద్ధతి. నాలుగు గంటలు పడుతుంది. అప్పుడు కత్తెర వైపు తిరిగి, ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. తీయడం, పెట్టడం, పటం, అన్నీ.

కత్తెర చివరిదాకా విని ఒకటే అడిగింది.

"ఇదంతా నీకు ఆ రోజే తెలుసా?"

"తెలుసు."

"తెలిసి, చెప్పలేదా?"

"చెప్పలేదు. తప్పు నాదే."

"తప్పు నీదని నువ్వే అనేస్తే నేను ఎవరి మీద అరవాలి వదినా?" అంది కత్తెర. "ఆరు వారాలు. మోకాళ్లు కాయలు కాచాయి. అన్నయ్య పోయాక నాకు ఏడవడానికి కూడా తీరిక లేకుండా చేసుకున్నా, ఈ పిల్లల పని ఆగకూడదని. లేపొద్దన్నావు, ఎందుకని నేను అడగలేదు. నీ మొహం చూసి ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అడగడం మానేశారు. నువ్వు ఏమీ చెప్పడం మానేశావు. అన్నయ్య నీకు ఒక్కదానికే పోయాడా?"

అది సూటిగా తగలవలసిన మాట. తగిలిందని డాక్టరమ్మకు తెలిసింది, నొప్పి మాత్రం రాలేదు. మత్తు ఇంజక్షన్ ఇచ్చిన పన్ను మీద డాక్టరు కొట్టినట్టు, చప్పుడు వినిపించిందంతే. ఆమె తల ఊపింది. కత్తెర గుడ్డను నేలకేసి కొట్టి ఇంటికి వెళ్లిపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంది డాక్టరమ్మ. కడగవలసిన కాళ్లు మొత్తం ఎనభై ఆరు.

శనివారం పొద్దునకు లెక్క తేలింది. ముప్పై ఎనిమిది మంది బొమ్మలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. యంత్రం మెలకువగా ఉన్న ఆ రెండు నిమిషాల్లో అయిదుగురివి చెరిగిపోయాయి. రెండింట్లో సగం సగం మిగిలాయి, సగం పాదానికి ఎవరూ బూటు చేయలేరు. పడుకోబెట్టి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు. డాక్టరమ్మ అయిదు పేర్లూ కాగితం మీద రాసి, దాన్ని పట్టుకుని కత్తెర ఇంటికి నడిచింది. కత్తెర తలుపు తీసింది, కాగితం చూసింది, కోపం తగ్గకుండానే చెప్పులు వేసుకుంది.

"ఫోన్లు నేను చేస్తా," అంది. "నువ్వు చేస్తే వాళ్లు ఇంకేదో అయిందనుకుంటారు."

ఇళ్లలో ఉన్న కాగితాల్లో గీతే తప్ప మడమ ఎత్తూ మెత్తలూ ఉండవు కాబట్టి, ఆదివారం అయిదుగురూ మళ్లీ వచ్చారు. కత్తెర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బొమ్మలు దిద్దుతుంటే, కొలిచే పని డాక్టరమ్మ మీద పడింది. ఇన్నేళ్లలో ఆమె ఆ పని ఎప్పుడూ చేయలేదు. నేల మీద కూర్చుని, కత్తెర చెప్పినట్టల్లా పెన్సిల్ నిలువుగా పట్టుకుని గీసింది. నలుగురు అయ్యారు. చివరగా వచ్చింది ఏడేళ్ల పిల్ల, వాళ్ల నాయనమ్మ తీసుకొచ్చింది. కాగితం మీద నిలబడి, డాక్టరమ్మ తల మీద చెయ్యి ఆనించుకుంది, పడిపోకుండా.

"వేళ్లు కదపకమ్మా."

"నేను కదపడం లేదు. నీ గీతే వంకర పోతోంది అత్తా. నీకు గీయడం రాదు కదూ."

"రాదు."

"ఫర్వాలేదు. నాకు నడవడం రాలేదు మొదట్లో," అంది పిల్ల. "మడమ దగ్గర ఇంకొంచెం దగ్గరగా గీయి."

డాక్టరమ్మ గీత చెరిపి మళ్లీ గీసింది. పాదం వెచ్చగా ఉంది, మడమ మీద చర్మం గరుకుగా ఉంది, ఆపరేషన్ మచ్చ వంకరగా చీలమండ దాకా ఉంది. పాత బొమ్మ కంటే పాదం ఒక వేలి మందం పెరిగింది. ఇందులో కొంత, తను ఆ కంప్యూటర్‌ను లేపనివ్వని రోజుల్లోదే. కాగితం మీద తారీఖు వేసి పిల్ల చేతికిచ్చింది. పిల్ల దాన్ని చుట్టి బాకాలా ఊదుకుంటూ వెళ్లింది.

సోమవారం తొమ్మిదింటికి నలభై మూడు బొమ్మలూ వెళ్లాయి. అందాయని అచ్చులవాడు కబురు పంపాడు. కత్తెర తన ల్యాప్‌టాప్ మూత మూసి, దాని దీపం ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. ఈ మూడు రోజుల్లో ఇద్దరూ పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఇప్పుడు పని లేదు.

"నువ్వు తెర చూశావు కదూ," అంది డాక్టరమ్మ. "శుక్రవారం. నేను వచ్చేదాకా దాని ముందే నిలబడ్డావు."

"చూశా."

"నేను చూడలేదు."

"తెలుసు. నేల చూపులు చూస్తూ వచ్చావు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇంటికెళ్లాక అర్థమైంది, ఎందుకు లేపనివ్వలేదో." కత్తెర గొంతులో కోపం లేదు. "చెప్పమంటావా, వద్దా?"

 ఏ బొమ్మ అయి ఉంటుంది, ఎవరికి రాస్తున్న ఉత్తరం అయి ఉంటుంది అని డాక్టరమ్మ అన్ని రోజులూ ఊహించలేదు. ఊహిస్తే అరిగిపోతుందని దాచుకుంది.

"చెప్పు. ఏముంది?"

"ఏమీ లేదు వదినా. అన్నయ్య పేరు ఉంది. దాని కింద ఒక ఖాళీ గడి. పాస్‌వర్డ్ కొట్టి లోపలికి రమ్మంది. అంతే. తాళం వేసి ఉంది."

డాక్టరమ్మకు మొదట ఆ మాట ఎక్కలేదు. తర్వాత ఎక్కింది. ఆ తాళం పెట్టింది తనే. మూడేళ్ల కిందట, పిల్లల ఆసుపత్రి కాగితాలు ఇందులో ఉంటాయి, ఎవరు పడితే వాళ్లు చూడకూడదని, నిద్ర లేచిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా తనే అమర్చింది. ఆయన విసుక్కున్నాడు కూడా, టీ తాగి వచ్చేసరికి నా మిషను నన్నే ఎవరని అడుగుతోందని. ఊళ్లో అందరి డిస్కుల గుట్టూ తెలిసిన మనిషి, తను వేసిన తాళం తనే మరిచిపోయి, యాభై నాలుగు రోజులు తలుపు అవతల దీపాన్ని కాపలా కాసింది. తలుపు తీస్తే ఆయన చేతి పని కనిపిస్తుందనుకుంది. కనిపించేది ఇంకో తలుపు. దాని వెనక ఏముందో కత్తెర చూడలేదు, తను చూడలేదు, ఇక ఎవరూ చూడరు.

"ఆ పాస్‌వర్డ్ నీకు తెలుసా వదినా?" అంది కత్తెర మెల్లగా.

"తెలుసు."

తెలుసు. కొట్టడానికి రెండు సెకన్లు. ఈ యాభై నాలుగు రోజుల్లో ఏ పొద్దునైనా, ఏ నిమిషమైనా వెళ్లి కొట్టి ఉంటే ఆయన వదిలి వెళ్లిన చోటికి వెళ్లి కూర్చునేది. బొమ్మైతే సేవ్ చేసేది, ఉత్తరమైతే పూర్తి చేసేది, అప్పుడు మర్యాదగా ఆపేసేది. పిల్లల కొలతలకూ ఏమీ అయ్యేది కాదు. భయపడింది. భయపడి అన్నీ పోగొట్టుకుంది, ఎవరూ పోగొట్టకుండానే.

ఆమె పిల్లలు కూర్చునే పొట్టి పీట మీద కూర్చుంది.  తిమ్మిరి వదిలేటప్పుడు కాలు ఎలా సలుపుతుందో అలా ఒళ్లంతా సలిపింది. పెద్దగా ఏడ్చింది. వీధిలోకి వినిపించేంత పెద్దగా, సిగ్గు లేకుండా, ముక్కు కారేలా ఏడ్చింది. కత్తెర లేచి వెళ్లి ముందు దుకాణం షట్టరు కిందికి లాగి వచ్చింది. వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ఊరుకోమని అనలేదు.

"మీ అన్నయ్య చచ్చిపోయాడే," అంది డాక్టరమ్మ, ఆ మాట ఇప్పుడే ఎవరో వచ్చి చెప్పినట్టు.

"అవును వదినా," అంది కత్తెర.